డోర్నకల్‌లో దిగినవాళ్లం

డోర్నకల్ జంక్షన్‌లో దిగేవాళ్లకంటే బండి మారేవాళ్లే ఎక్కువ. కాజీపేట నుంచి విజయవాడ పోయే పెద్దలైను నుంచి ఇక్కడ ఒక పాయ చీలి, కారేపల్లి మీదుగా భద్రాచలం రోడ్డుకూ మణుగూరుకూ వెళ్తుంది. రాములవారి దర్శనానికి పోయేవాళ్లు, బొగ్గుగనుల ఊళ్లకు పోయేవాళ్లు ప్లాట్‌ఫాం మీద టీ తాగి ఇంకో బండి ఎక్కుతారు. మేం మాత్రం సికింద్రాబాదులో డోర్నకల్‌కే టికెట్ తీసుకున్నాం. గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌లో ఎదురుసీటు పెద్దాయన ఊరుకోలేక, "అక్కడ చుట్టాలున్నారామ్మా?" అని అడిగాడు.

"ఉన్నారండీ. 1945లో పోయారు" అంది చిన్నమ్మ.

ఆయన మళ్లీ మాట్లాడలేదు. చిన్నమ్మ చెప్పింది డోర్నకల్ మొదటి బిషప్ అజరయ్య గురించి. ఆమె తన చర్చిలో స్త్రీల మైత్రి అనే మహిళా సంఘానికి సెక్రటరీ. వచ్చే ఏడాది ఏదైనా పల్లెలో "సేవా కార్యక్రమం" పెట్టాలని వాళ్ల కమిటీ తీర్మానం చేసింది. ఎక్కడ, ఏం, ఎవరికి అన్నది మాత్రం తీర్మానంలో లేదు. ఒకప్పుడు వాళ్ల చర్చిలో పనిచేసిన పాస్టరు అయ్యగారు ఇప్పుడు గార్ల వైపు ఒక పల్లె సంఘాన్ని చూస్తున్నారు. పంట చేతికొచ్చాక దేవుడికి కానుకలిచ్చే కోతపండుగకు రమ్మని ఫోన్ చేశారు. సంచి మోయడానికి నన్ను వెంటబెట్టుకుంది. నేను చర్చికి పండగలకు పోయే రకం. ఆ సంగతి ఆమెకు తెలుసు.

బండి దిగేసరికి పొద్దు వాలుతోంది. ముందు ఎపిఫనీ కథీడ్రల్‌కు పోయాం.

మెదక్ చర్చిని చూసిన కళ్లతో దీన్ని చూస్తే మొదట తికమకగా ఉంటుంది. మెదక్‌ది పూర్తిగా ఇంగ్లండు నుంచి దిగిన రూపం. ఆకాశంలోకి 175 అడుగుల గంటగోపురం, రంగుటద్దాల కిటికీలు. 1914లో మొదలుపెట్టి, కరువు రోజుల్లో జనానికి పని కల్పించి కూలికి తిండి పెడుతూ కట్టారు. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ చేశారు. దాన్ని చూడటానికి ఇప్పుడు అన్ని మతాలవాళ్లూ వస్తారు. డోర్నకల్‌కు ఆ సందడి లేదు. కానీ కట్టడంలో దీనిది వేరే ధైర్యం. దూరం నుంచి గుమ్మటాలు, మినార్ల వంటి బురుజులు కనిపించి మసీదేమో అనిపిస్తుంది. దగ్గరికి పోతే రాతిస్తంభాల వరస గుడి మండపంలా ఉంటుంది. లోపల బలిపీఠం, సిలువ. ఈ ఊరి చర్చి ఈ ఊరి కట్టడాల్లాగే ఉండాలని పట్టుబట్టి ఇలా కట్టించినవాడు అజరయ్య. ప్రతిష్ఠ 1939 జనవరి 6న జరిగింది. తూర్పు జ్ఞానులు బాలయేసును చూడవచ్చిన సంగతిని తలచుకునే ఎపిఫనీ పండుగ ఆ రోజే. పేరూ అందుకే. నా మటుకు నాకు మెదక్ చూస్తే తల పైకెత్తాలనిపించింది, ఇక్కడ కూర్చోవాలనిపించింది. రెండింటిలో ఏది గొప్ప అని చిన్నమ్మను అడిగితే, "నీకెందుకు, నువ్వు రెండింటికీ పోవుగా" అంది.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య తెలుగువాడు కాదు. 1874లో తిరునల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విళై అనే పల్లెలో పుట్టిన తమిళుడు. వై.ఎం.సి.ఎ. అనే క్రైస్తవ యువకుల సంఘంలో ఉద్యోగం చేస్తూ దేశమంతా తిరిగాడు. ఈ దేశంలో సువార్త పని విదేశీ డబ్బు మీద, విదేశీ మనుషుల మీద ఎన్నాళ్లు నడవాలన్నది ఆయన ప్రశ్న. మన మనుషులు, మన డబ్బు, మన పెత్తనం అనే పద్ధతి మీద 1903లో తిరునల్వేలిలో ఒక మిషనరీ సంఘం, 1905లో సేరంపూర్‌లో జాతీయ స్థాయిలో ఇంకొకటి పుట్టడానికి ముందు నిలిచినవాళ్లలో ఆయన ఒకడు. ఊరికే మాటలు చెప్పి ఊరుకోలేదు. ఉద్యోగం వదిలి 1909లో, నిజాం రాజ్యంలో అప్పటికి ఓ మూలనున్న డోర్నకల్‌కు కాపురం మార్చాడు. తెలుగు నేర్చుకున్నాడు. ఎడ్లబండి మీద, సైకిలు మీద పల్లెలు తిరిగాడు. మరుసటి ఏడాది ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో, తెల్ల మిషనరీల ముఖం మీదే అడిగాడు: మీ ఆస్తులు మా బీదలకిచ్చారు, మీ ఒళ్లు కాల్చుకున్నారు, అదంతా సరే, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితులనివ్వండి అని. సభలో కొందరికి ఆ మాట గుచ్చుకుంది. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆయన్ని డోర్నకల్ బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ చర్చిలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే.

రాత్రి చర్చి కాంపౌండులోని గదిలో చిన్నమ్మ కళ్లజోడు పెట్టుకుని నోట్సు రాసుకుంటూ కూర్చుంది. పొద్దున్నే ఆటో.

పత్తి ఏరుతున్న రోజులు. చేలన్నీ తెల్లగా ఉన్నాయి. మిరపతోటలు ఇంకా పచ్చగానే ఉన్నాయి. పల్లెలో చర్చి ఎక్కడుంటుందని ఆటో అబ్బాయిని అడగనక్కర్లేకపోయింది. మన పల్లెల్లో అది వాడలోనే ఉంటుంది, ఊరి నడుమ ఉండదు. ఈ ప్రాంతంలో అజరయ్య సంఘాలు చాలామటుకు మాల, మాదిగ పల్లెల్లోనే పుట్టాయి. క్రైస్తవంలోకి మారితే షెడ్యూల్డు కులం హోదా పోతుందని 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు చెబుతుంది కాబట్టి, చర్చి రిజిస్టర్లో ఒక పేరు, ఆఫీసు కాగితాల్లో ఒక పేరుతో బతికే కుటుంబాలు ఎన్నో. ఈ సంగతి ఎవరూ గట్టిగా మాట్లాడరు, అందరికీ తెలుసు.

గుమ్మంలో చెప్పులు విడిచాం. లోపల చాపలు. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు. బలిపీఠం ముందు కోతపండుగ కానుకలు: కొత్తబియ్యం, మొక్కజొన్న కంకులు, అరటిగెలలు, గుమ్మడికాయలు, గంపకింద నాటుకోళ్లు, గుడ్లు, సకినాల డబ్బాలు. ఒక మూల దోసెడు పత్తి కూడా ఉంది. కోళ్లు కీర్తనల మధ్య కూతపెడుతుంటే పిల్లలు నవ్వు ఆపుకోలేకపోతున్నారు. అయ్యగారు కూడా.

నా పక్కన ఎనభై దాటిన అవ్వ కూర్చుంది. ఆడవాళ్ల వైపు చోటు లేక ఇటు జరిగింది. ఆరాధన క్రమం పుస్తకం నా చేతిలో తెరిచే ఉంది, అయినా నేను వెతుక్కుంటున్నాను. ఆమె చేతిలో పుస్తకం లేదు. పాపపు ఒప్పుకోలు, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు, కీర్తన, అన్నీ అక్షరం పొల్లుపోకుండా అయ్యగారి కంటే అర క్షణం ముందు చెబుతోంది. తర్వాత తెలిసింది, ఆమెకు చదువు రాదు. ఆమె తండ్రి తరం నుంచీ ఇక్కడ పద్ధతి అదే. పొలం నుంచి వచ్చాక, దీపాలు పెట్టే వేళ గంట కొడితే అందరూ చేరేవారు. ఊరి ఉపదేశకుడు ఒక వాక్యం చెప్పడం, వీళ్లు తిరిగి చెప్పడం. బైబిలు కథలను పాటలు కట్టి, కోలాటం వేసి నేర్పేవారు. ఉపదేశకుడితో పాటు ఆయన భార్యకు కూడా శిక్షణ ఇచ్చి పంపడం డోర్నకల్ వాళ్ల అలవాటు. ఆడవాళ్లకు చెప్పాలంటే ఆడమనిషి కావాలిగా. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు దయ్యాలను వెళ్లగొట్టడం కూడా సువార్తేనని అజరయ్య అనేవాడట. అందుకే ఆరాధన ఎక్కడ ఆగి బడి ఎక్కడ మొదలయ్యేదో, బడి ఎక్కడ ఆగి ఆరోగ్యం సంగతి ఎక్కడ మొదలయ్యేదో గీత గీసి చెప్పడం కష్టం.

ఆ రోజు ఒక బాప్తిస్మం కూడా ఉంది. ఆ తర్వాత చిన్నమ్మ నా చెవిలో పాత సంగతి చెప్పింది. అజరయ్య పల్లెలకు వచ్చినప్పుడు బాప్తిస్మం పొందినవాళ్లందరి చేతా తలమీద చెయ్యి పెట్టించి, "నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి. అయ్యో, నేను సువార్తను ప్రకటింపకపోయిన యెడల నాకు శ్రమ" అని పలికించేవాడట. రెండో వాక్యం పౌలుది, కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోది. కూలికి పోయే మనిషితో, నిన్నటిదాకా ఎవరో ఒకరు చెప్పింది వినడమే పని అయిన మనిషితో, ఇక చెప్పవలసింది నువ్వేనని అనిపించడం మామూలు సంగతి కాదు. నాకు ఆ చెయ్యి తలమీద పెట్టడం దగ్గరే మనసు ఆగింది.

ఆరాధన అయ్యాక వేలం. ఇది చూడకపోతే కోతపండుగకు పోయినట్టే కాదు. సంఘపెద్ద ఒకాయన గుమ్మడికాయ ఎత్తి పట్టుకుని "వంద!" అన్నాడు. నూటయాభై, రెండొందలు, అటునుంచి మూడొందలు. ఆరొందల దగ్గర ఒక ఆటో డ్రైవరు పాడుకున్నాడు. డబ్బు కట్టి, కాయను తీసుకెళ్లి మళ్లీ బలిపీఠం దగ్గరే పెట్టాడు. "మళ్లీ దేవుడికే!" అని పెద్దాయన కేకేశాడు, వేలం మళ్లీ మొదలు. అదే కాయ రెండోసారి ఏడొందలు పలికింది. దాన్ని మా చిన్నమ్మ పాడుకుంది. సంచి మోసేవాణ్ణి నేను కాబట్టి ఆ కాయ బరువు గురించి సాధికారంగా చెప్పగలను.

భోజనాల దగ్గర ఇంకో సంగతి చూశాను. చర్చి వెనక గదిలో మూతపెట్టిన డ్రమ్ములు. పిడికెడు బియ్యం. ప్రతి ఇంటి ఇల్లాలూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు పక్కన డబ్బాలో వేస్తుంది. ఆదివారం ఆ డబ్బా తెచ్చి డ్రమ్ములో పోస్తుంది. నెలకోసారి అమ్ముతారు. స్త్రీల మైత్రి ట్రెజరరమ్మ పొడుగు పుస్తకం తెరిచి చిన్నమ్మకు లెక్కలు చూపించింది: ఖమ్మం ఆసుపత్రికి పోయినవాళ్ల బస్సు చార్జీలు, సండే స్కూలు పుస్తకాలు, వేసవి సెలవుల బైబిలు బడి (వీబీఎస్) పిల్లలకు మజ్జిగ, చనిపోయినవాళ్ల ఇంట మూడు రోజుల వంట. పట్నంలో మా సేవకు బ్యానరు ఉంటుంది, టీషర్టు ఉంటుంది, వాట్సాప్‌లో ఫోటో ఉంటుంది. ఈ పుస్తకానికి అట్ట కూడా చిరిగిపోయింది.

చిన్నమ్మ అప్పుడు తన తీర్మానం సంగతి ఎత్తింది. "అయ్యగారూ, మా మైత్రి నుంచి ఇక్కడికి ఏదన్న చేద్దామని ఉంది. ఏం తెమ్మంటరు? బట్టలా, దుప్పట్లా?"

అయ్యగారు ట్రెజరరమ్మ వైపు చూశారు. ఆమె మొహమాటపడలేదు.

"బట్టలు వద్దమ్మా. పోయినేడు ఎవరో పట్నం వాళ్లొచ్చి బిస్కెట్ ప్యాకెట్లు పంచి పోయిండ్రు, పిల్లలు ఒక్క పూటల తినేసిండ్రు. మాకు పదో తరగతి లెక్కలు చెప్పేవాళ్లు కావాలె. ఆదివారం ఆరాధనైనంక రెండు గంటలు. మా సండే స్కూలు టీచర్లు బైబిలు చెప్తరు గని లెక్కలు రావు. ఇంకా, హార్మోనియం నేర్పేటోళ్లుంటె పంపుండ్రి. ఉన్న ఒక్క తాతకు చూపు ఆనుతలేదు."

"మాకేమన్న నేర్పుతరా మరి?" అని చిన్నమ్మ నవ్వుతూ అడిగింది.

"కీర్తనలు నేర్పుతం" అంది వెనకనుంచి అవ్వ. "మీ పుస్తకాలల్ల లేని చరణాలు నాకు వచ్చు."

చిన్నమ్మ నోట్సు తీసింది. వాళ్ల చర్చిలో రిటైరైన లెక్కల టీచరమ్మ ఒకావిడ ఉన్నారు. రావడానికి అభ్యంతరం ఉండదు, కానీ నెలకు రెండు ఆదివారాలు రావాలంటే రైలు ఖర్చు కమిటీలో పెట్టి పాసు చేయించాలి, అది ఎప్పటికవుతుందో అని సందేహించింది.

"కమిటీ ఎందుకమ్మా" అంది ట్రెజరరమ్మ, పుస్తకంలో కొత్త పేజీ తిప్పుతూ. "చార్జీలు మేమిస్తం. రానుపోను ఎంతైతదో చెప్పుండ్రి, రాసుకుంట."

చిన్నమ్మ వద్దంటే వద్దంది. ఆమె వినలేదు. కాసేపు ఇద్దరూ వాదించుకున్నారు. చివరికి రావడానికి పిడికెడు బియ్యం డబ్బు, పోవడానికి పట్నం మైత్రి డబ్బు అని అయ్యగారు తీర్పు చెప్పారు. స్లీపరు టికెట్టా జనరలా అన్న దగ్గర మళ్లీ పేచీ వచ్చింది. టీచరమ్మకు మోకాళ్ల నొప్పులు కాబట్టి రిజర్వేషనే చేయించాలని అవ్వ తేల్చేసింది.