మిలాన్‌లో పునీత చార్లెస్ బొరోమియో సన్నిధికి

పదహారో శతాబ్దంలో ఇటలీలోని మిలాన్‌కు అగ్రపీఠాధిపతిగా (ఆర్చిబిషప్‌గా) ఉన్న పునీత చార్లెస్ బొరోమియో పండుగ నవంబరు 4న. దానికి మిలాన్ వెళ్తూ, దారిలో ఆయన పుట్టిన ఊరు ఆరోనాలో ఆగాం. 1698లో పూర్తయిన ఆయన రాగి రేకుల విగ్రహం అక్కడ పీఠంతో కలిపి సుమారు 35 మీటర్ల ఎత్తున నిలిచి ఉంది. అది ఎంత ఘనమైనదైనా, నా మనసు మిలాన్ ప్రధానాలయం మీదే ఉంది.

ఆలయం అడుగున, ఎనిమిది మూలల చిన్న గదిలో, స్ఫటికం, వెండితో చేసిన పేటికలో ఆయన భౌతికకాయం ఉంది. మోకరించి ప్రార్థిస్తున్నంతసేపూ ఆయన జీవితమే మనసులో మెదిలింది. మేనమామ నాల్గవ పయస్ పోపు కావడంతో, 22 ఏళ్లు నిండకముందే కార్డినల్ అయిన ఆయన రోములో సుఖంగా ఉండిపోగలిగేవారు. కానీ పీఠాధిపతి (బిషప్) తన ప్రజల మధ్యనే నివసించాలన్న ట్రెంట్ మహాసభ (తిరుసభ సంస్కరణ కోసం పీఠాధిపతులు జరిపిన సమావేశం) తీర్మానాన్ని శిరసావహించి, దాదాపు 80 ఏళ్లుగా అగ్రపీఠాధిపతి నివాసమే లేని మిలాన్‌లో 1565లో అడుగుపెట్టారు. గురువులను తయారుచేసే గురువిద్యాలయాలు స్థాపించి, మారుమూల కొండ ప్రాంతాల విచారణలను (పారిష్‌లను) సైతం స్వయంగా సందర్శించారు. ఆయన చేసిన సంస్కరణలన్నిటికీ మూలం ఈ సాన్నిధ్యమేనని నా నమ్మకం. మన గుడుల్లో పాపసంకీర్తనకు (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి) వాడే చెక్క గూడు వ్యాప్తిలోకి రావడంలోనూ ఆయన పాత్ర పెద్దది.

సంస్కరణ అందరికీ రుచించలేదు. క్రమశిక్షణకు లోబడని హుమిలియాతి అనే మఠవాసుల సభకు చెందిన ఒకడు 1569లో, ఆయన సాయంకాల ప్రార్థనలో ఉండగా వెనుక నుంచి తుపాకీ పేల్చాడు. ఆయన ప్రాణాలతో బయటపడ్డారు. ఆ సభ 1571లో రద్దయింది. స్విట్జర్లాండ్‌లోని మెసోల్చీనా లోయలో 1583లో ఆయన జరిపిన విచారణ తరువాత మంత్రగత్తెలన్న నిందతో కొందరు స్త్రీలను కాల్చి చంపారన్నది కూడా చరిత్రే. ఆయన్ను ఎంతగా ప్రేమించినా, దాన్ని దాచడం న్యాయం కాదని నేననుకుంటాను.

ఏటా ఈ పండుగ రోజుల్లో ఆయన జీవిత ఘట్టాలను చిత్రించిన పెద్ద పటాలను ఆలయ స్తంభాల మధ్య వేలాడదీస్తారు. నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి 1576 నాటి ప్లేగు ఘట్టాలు. గవర్నరు, సంపన్నులు నగరం విడిచి వెళ్లగా, ఆయన మాత్రం కదలలేదు. తన భవనంలోని తెరలు విప్పించి పేదలకు బట్టలు కుట్టించారు, పశ్చాత్తాపానికి గుర్తుగా మెడకు తాడు వేసుకుని, చెప్పుల్లేకుండా, క్రీస్తు సిలువ మేకుగా భక్తులు గౌరవించే మేకును చేతబట్టి వీధుల్లో ప్రదక్షిణ చేశారు. ఇళ్లలో నిర్బంధంలో ఉన్నవారు కిటికీల్లోంచే దివ్యబలిపూజలో పాల్గొనేలా కూడళ్లలో బలిపీఠాలు కట్టించారు. అలా ప్రజల కోసం తనను తాను అరగదీసుకుని, 1584 నవంబరు 3న 46 ఏళ్లకే కన్నుమూశారు. 1610లో తిరుసభ ఆయన్ను పునీతునిగా ప్రకటించింది.