తొడకు కట్టిన పట్టీ

టైలరు టేపుతో కొలిస్తే కుడి తొడ 47 సెంటీమీటర్లు, ఎడమది 41. మల్లేశ్వరంలో వాన నీళ్ళ కింద కనపడని గుంతలో స్కూటీ పడి, ఎడమ మోకాలి కింద ఎముక విరిగింది. మత్తిచ్చారు, ప్లేటు వేశారు, బిల్లు కట్టాం. పది వారాలు కాలు నేల మీద మోపనివ్వలేదు. మోపాక తెలిసింది, తొడలో కండే లేదని. మెట్టు దిగబోతే మోకాలు చటుక్కున మడుచుకుపోయేది.

బరువులెత్తే వ్యాయామం అప్పుడే వద్దన్నారు సర్జన్ గారు. సరే, అతికిన ఎముక మీద భారం పడకూడదు. కానీ కండ ఎలా వస్తుందని అడిగితే ఫోన్ చూసుకుంటూ, "యాభై నాలుగేళ్ళకి కండలతో ఏం పనమ్మా, లిఫ్టెక్కండి" అన్నారు. మాది మూడో అంతస్తు. ఆ బిల్డింగ్‌లో లిఫ్టు లేదు. ఆ మాట నాకింకా అరగలేదు.

దారి చూపించింది ఫిజియోథెరపీ అమ్మాయి. మదనపల్లె పిల్ల. మొదటిరోజే కాళ్ళలో ఎప్పుడైనా రక్తం గడ్డ కట్టిందా, నరాలు ఉబ్బాయా, బీపీ ఎంత అని గుచ్చి గుచ్చి అడిగింది. సర్జన్ దగ్గర రాయించుకు రమ్మంది. ఆయన ఏమిటని కూడా అడక్కుండా సంతకం పెట్టేశారు.

తొడ పైభాగాన బీపీ పట్టీ లాంటిది కడుతుంది. ఎంత బిగిస్తే పాదానికి రక్తం పూర్తిగా ఆగిపోతుందో డాప్లర్‌తో, అంటే రక్తం పారుతోందో లేదో తెలిపే పరికరంతో చూసి, అందులో సగం ఒత్తిడే పెడుతుంది. గంటకు 3 కిలోమీటర్ల వేగంతో రెండు నిమిషాలు నడక, ఒక నిమిషం విశ్రాంతి, అలా ఐదుసార్లు. అంతే. లోపలికొచ్చే రక్తం తగ్గుతుంది, వచ్చింది త్వరగా బయటికి పోదు. ఆక్సిజన్ చాలక కండ తొందరగా అలిసిపోయి, పెద్ద బరువెత్తితే తప్ప కదలని పోగులు కూడా పనిలోకి దిగుతాయట. 2006లో జపాన్‌లో యువకులను ఇలాగే మూడు వారాలు, రోజుకు రెండుసార్లు నడిపిస్తే తొడ కండ 4 నుంచి 7 శాతం పెరిగిందని చెప్పింది.

ఈ పట్టీ పద్ధతి కనిపెట్టిన జపాన్ ఆయన యోషియాకి సాతోకు 1966లో గుళ్ళో మోకాళ్ళు మడిచి కూర్చున్నప్పుడు, పిక్కల్లో వ్యాయామం చేసినట్టే నొప్పి పుట్టి ఆలోచన తట్టిందట. సత్యనారాయణ వ్రతంలో కూర్చుని నాకెన్నిసార్లు తిమ్మిర్లెక్కాయో! కాలు విదిలించుకుని ప్రసాదానికి పోవడమే తెలుసు మనకి.

మూడో వారం ఆదివారం క్లినిక్ లేదు. ఒక్కరోజు మానితే కొంపలేం మునగవు. అయినా అబ్బాయి జిమ్ము రబ్బరు బ్యాండు బిగించి కట్టుకుని మేడ మీద అరగంట నడిచాను.

రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది. పిక్క రాయిలా ఉంది, ముట్టుకుంటే ప్రాణం పోతోంది. మా పెదనాన్న ఇలాగే కాలి వాపుతో పడుకుని తెల్లారేసరికి లేరు. గడ్డ ఊపిరితిత్తులకు పోయిందన్నారు. ఆ రాత్రి నాకు ఆయన ముఖమే కనిపించింది. మా వారూ అబ్బాయీ నన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మూడంతస్తులూ మోసుకుంటూ దించారు. ఒక్కో మెట్టుకీ గోవిందా అనుకున్నాను. గండం గట్టెక్కితే అలిపిరి నుంచి నడిచొస్తానని మొక్కుకున్నాను.

డ్యూటీ డాక్టరు కుర్రాడు, "యూట్యూబ్ చూసి కాళ్ళు కట్టేసుకుంటారు, అర్ధరాత్రి మా ప్రాణం తీస్తారు" అన్నాడు. ఏడుపొచ్చింది. సగం నిజం కాబట్టి ఇంకా ఎక్కువొచ్చింది. స్కాన్‌లో గడ్డ లేదు. కండ పట్టేసి వాచిందంతే.

మా వారు ఫిజియో అమ్మాయి మీదకు పోట్లాటకు బయల్దేరితే, అప్పుడు చెప్పాను రబ్బరు బ్యాండు సంగతి. వాపు పూర్తిగా తగ్గేదాకా ఆ అమ్మాయి పట్టీ ముట్టనివ్వలేదు. "ఇంకోసారి ఇంట్లో కట్టుకుంటే నేను మీతో మాట్లాడను ఆంటీ" అంది. మీరూ కట్టుకోకండి. కొలిచి కట్టేవాళ్ళుంటేనే.

ఎనిమిది వారాలకు ఎడమ తొడ 44 అయింది. అంతా పట్టీ చలవే అనను, మిగతా వ్యాయామాలూ చేశాను. రెయిలింగ్ పట్టుకోకుండా మూడంతస్తులు ఎక్కుతున్నాను.

మొన్న చెకప్‌లో సర్జన్ గారు ఎక్స్‌రే చూసి మురిసిపోయారు, తొడ వైపు మాత్రం చూడలేదు. అలిపిరి 3,550 మెట్లు ఎక్కొచ్చా అని అడిగాను.

"కొండ మీదికి బస్సులున్నాయి కదమ్మా" అన్నారు.

లడ్డూ మాత్రం ఆయనకీ ఒకటి తెస్తాను. ఎముక అతికించింది ఆయనే మరి.