ముక్కలుగా పంపడం అనవసరమా?

పెద్ద ఫైళ్లను ముక్కలుగా పంపేందుకు నేను రాసిన కోడ్‌ను మా బృందంలోని సీనియర్ ఇంజనీరు పరిశీలించి, "ఇంత చిక్కు ఎవరికోసం? ఇక్కడ అందరికీ నెట్ బాగానే ఉంటుంది" అని రాసి ఊరుకున్నారు. మన ఆఫీసుల్లోనైతే ఇలాంటి మాటకు ముందు "పని బాగుంది గానీ" అన్న మెత్తదనం కొంత ఉంటుంది. నేను పనిచేసే ఈ జర్మనీ నగరం మ్యూనిక్‌లో దాన్ని ఆశించకూడదని తెలిసి కూడా నాకు కష్టంగానే తోచింది.

మేము బీమా సంస్థలకు సాఫ్ట్‌వేర్ తయారుచేస్తాము. ప్రమాదంలో దెబ్బతిన్న కారు ఫోటోలనూ వీడియోలనూ ఖాతాదారులు బ్రౌజర్ నుంచి పంపితే, అవి ఫ్రాంక్‌ఫర్ట్‌లోని అమెజాన్ ఎస్3 అనే ఆన్‌లైన్ నిల్వకు చేరాలి. ఫైలు మొత్తాన్ని మా సర్వరు మీదుగా నడిపిస్తే దాని మెమరీకీ బ్యాండ్‌విడ్త్‌కూ భారమే. సర్వరు ముందు వచ్చేవాటిని అందుకునే ఎన్జినెక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటే, మనం మార్చనంతవరకు అది 1 ఎంబీ దాటినదాన్ని 413, అంటే 'మరీ పెద్దది', అని తిప్పికొడుతుంది. అందుకని సర్వరు ఖాతాదారుడెవరో తేల్చుకుని, ఫైలుకు తానే పేరు పెట్టి, కొద్ది నిమిషాలే చెల్లే సంతకం చేసిన యూఆర్ఎల్‌ను, అంటే అనుమతి ఇమిడిన లింకును, మాత్రం ఇస్తుంది. బ్రౌజర్ నేరుగా ఎస్3కి పంపుకుంటుంది. ఇంతవరకు మా ఇద్దరికీ పేచీ లేదు.

నేను జోడించింది మల్టీపార్ట్ పద్ధతి: ఫైలును ముక్కలుగా పంపడం, మధ్యలో తెగితే చేరని ముక్కలనే మళ్లీ పంపడం. చివరిది తప్ప ప్రతి ముక్కా కనీసం 5 ఎంబీ ఉండాలి, ముక్కలు 10,000 దాటకూడదు. ప్రతి ముక్కకూ విడిగా సంతకం కావాలి. అది చేరాక ఎస్3 నుంచి వచ్చే ఈట్యాగ్ అనే గుర్తును బ్రౌజర్ దాచిపెట్టి చివర సర్వరుకు అప్పగిస్తే, అప్పుడు ముక్కలన్నీ ఒక ఫైలవుతాయి. బకెట్‌కు, అంటే ఎస్3లో మా ఫైళ్లుండే చోటుకు, వేరే సైటు నుంచి వచ్చే బ్రౌజర్‌కు ఏమేమి అనుమతించాలో చెప్పే కోర్స్ నియమాలు రాస్తాము; వాటిలో ఈట్యాగ్‌ను బయటపెట్టమని చెప్పకపోతే బ్రౌజర్‌లోని మా కోడ్‌కు దాన్ని చదివే వీలే ఉండదు. చిక్కు ఉన్నమాట నిజమే, కాదనను.

అయితే ఖమ్మంలో నెట్ సెంటర్‌లో కూర్చుని మార్కుల మెమోలు ఎక్కించినవాడికి, చివరికొచ్చాక కరెంటు పోతే సెంటర్ ఆయన "మళ్లీ మొదటినుంచి, తమ్ముడూ" అనడం ఎలా ఉంటుందో తెలుసు. ఆ మాటకు ఇంకో గంట డబ్బులు కట్టినవాళ్లం మనం. పోనీ జర్మనీ సంగతే చూద్దామన్నా, ఊళ్లు దాటి అడవుల మధ్య సాగే ప్రాంతీయ రైళ్లలో నా ఫోనుకు సిగ్నల్ తరచూ పోతూనే ఉంటుంది. కార్లు గుద్దుకునేది ఆఫీసు వైఫై కింద కాదు కదా!

ఇదే విషయాన్ని ఆయనకు మరికాస్త మర్యాదగా రాశాను. జవాబులో పొగడ్త లేదు, కోపమూ లేదు, ఒక ప్రశ్న ఉంది: ఖాతాదారుడు మధ్యలో మానేస్తే అప్పటికే చేరిన ముక్కలు ఏమవుతాయి? అవి బకెట్‌లోని ఫైళ్ల జాబితాలో కనబడవు, నిల్వ ఛార్జీ మాత్రం పడుతూనే ఉంటుంది. పైగా అది ఒకరి వ్యక్తిగత సమాచారం, 2018 మే నుంచి అమలవుతున్న ఐరోపా సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్ ప్రకారం అవసరం తీరాక ఉంచుకోకూడనిది. ఒక రోజు దాటిన అసంపూర్ణ ముక్కలను ఎస్3 తనంతట తానే చెరిపేసేలా లైఫ్‌సైకిల్ నియమం నేను ముందే రాసి ఉంచాను, ఆయన ఆ ఫైలు తెరవలేదంతే. అయినా, పంపడం మానేసిన మనిషి హక్కు గురించి అడగాలని ఆయనకు తోచడం నాకు నచ్చింది. నేను పనిచేసిన చోట్ల ఆ ప్రశ్న అరుదుగానే విన్నాను.

ప్రస్తుతానికి 20 ఎంబీ లోపు ఫైళ్లు ఒకేసారి, అంతకు మించినవి ముక్కలుగా అని ఒప్పుకున్నాము. నాకైతే ఆ గీత 10 ఎంబీ దగ్గరే ఉండాలని ఉంది. తెగిపోయిన అప్‌లోడ్‌ల లాగ్‌లు కొన్నాళ్లు పోగయ్యాక ఆయన ముందు పెట్టి మళ్లీ అడుగుతాను.