హెలికాప్టరు పడలేదు, నేను పడ్డాను: గాయం గుర్తింపు కోసం నా అనుభవం

1999 కార్గిల్ యుద్ధకాలంలో నా మోకాలికి తగిలిన దెబ్బ సైనిక సేవవల్ల కలిగినదేనని ఒప్పుకుంటూ వచ్చిన ఉత్తర్వు నిన్న మధ్యాహ్నం ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉన్న మా ఇంటికి చేరింది. మనసు కుదుటపడినా కోపం ఇంకా చల్లారలేదు. గజపతి, గంజాం, రాయగడ జిల్లాల తెలుగువారిలో నాలాగే కాగితాలు పట్టుకుని తిరుగుతున్న మాజీ సైనికులు ఉన్నారు కనుక జరిగినది జరిగినట్టు రాస్తున్నాను.

నేను వైమానిక దళంలో ఇంజను ఫిట్టరును. ఆ ఏడాది మే 28న తోలోలింగ్ కొండ దగ్గర మన ఎంఐ-17 హెలికాప్టరు ఒకదానిని శత్రువులు భుజం మీద పెట్టి పేల్చే క్షిపణితో కూల్చివేయగా అందులోని నలుగురూ ప్రాణాలు కోల్పోయారు. ఆ తరువాత ఎంఐ-17లను దాడులకు పంపడం మానుకున్నారు గాని, సరుకులు చేరవేయడం, గాయపడినవారిని తీసుకురావడం ఆగలేదు. అటువంటి ఒక ప్రయాణంలో నేనూ ఉన్నాను. ద్రాస్ దాటిన కొంతసేపటికి పైలట్ ఎదుట చిప్ దీపం వెలిగింది.

ఆ దీపం సంగతి తెలియనివారికి నా కథ అర్థం కాదు. ఇంజను నూనె తిరిగే దారిలో అయస్కాంతపు బిరడా ఒకటి ఉంటుంది. నూనెలో కొట్టుకువచ్చిన ఇనుప రజను దానికి అంటుకుని విద్యుత్తుకు దారి కలిపితే దీపం వెలుగుతుంది. అంటుకున్నది మెత్తని పొడి అయితే అది మామూలు అరుగుదల. గోటికి తగిలేంత పెచ్చు అయితే లోపల ఏ బేరింగో, పళ్ళచక్రమో విరగడం మొదలైందన్నమాట. ఈ రెండింటిలో ఏదో గాలిలో ఉండగా తెలియదు. మూడు వేల మీటర్లు దాటిన ఎత్తులో, సరుకుతో ఉన్నప్పుడు రెండు ఇంజన్లలో ఒకటి ఆగితే మిగిలినది హెలికాప్టరును నిలబెడుతుందన్న భరోసా లేదు కనుక, పైలట్ ఏటి ఒడ్డున చదునైన చోటు చూసి మెల్లగా దింపాడు. ఎక్కడో ఫిరంగి గుండ్లు పడుతున్న చప్పుడు కొండల్లో మారుమోగుతూ ఉంది. నేను పైకెక్కి, మూత తెరిచి, బిరడా ఊడదీసి చూశాను. కొనకు బూడిద రంగు ముద్ద అంటుకుని ఉంది. బొటనవేలితో నలిపితే గరుకు తగలలేదు. గుడ్డతో తుడిచి, తిరిగి బిగించి, దిగబోతూ నూనె అంటిన బూటు మెట్టు మీద జారడంతో రాళ్ళ మీద మోకాలు మోపి పడ్డాను. ఇంజను నడిపి చూస్తే దీపం వెలగలేదు, మేము ఎగిరిపోయాము. నా చేతి మీదుగా వెళ్ళిన ఇంజను ఒక్కటి కూడా గాలిలో ఆగిపోలేదని ఈ సందర్భంలో చెప్పుకోవడానికి నేనేమీ సంకోచించను.

ఇక ఈ గాయానికి పింఛను కోసం పెట్టుకున్న దరఖాస్తు సంగతి. నాటి గాయం నివేదిక నకలు సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల పోస్టల్ ఆర్డరుతో ఇబ్బంది లేకుండా వచ్చింది. ఎముకల వైద్యుడి ధ్రువపత్రమూ సులువుగానే దొరికింది. అసలు అవస్థంతా జిల్లా స్థాయిలోని ఒక కార్యాలయంలో, ఒకే ఒక్క బల్ల దగ్గర పడ్డాను.

ఆ బల్ల వెనుక కూర్చున్న ఉద్యోగి ఇంట్లో తెలుగే మాట్లాడతాడని ఊరందరికీ తెలుసు. అయినా కుర్చీలో కూర్చోగానే ఒడియా తప్ప మరొకటి రానట్టు ప్రవర్తించేవాడు. దరఖాస్తులో ప్రమాదం ఏ రకమో రాయవలసిన గడిలో ‘ప్రికాషనరీ ల్యాండింగ్ సమయంలో గాయం’ (అంటే ముందుజాగ్రత్తగా దిగినప్పుడు తగిలిన గాయం) అని నేను రాసినది చూసి, హెలికాప్టరు ఎంత దెబ్బతిన్నదని అడిగాడు. ఏమీ దెబ్బతినలేదన్నాను. తూటాలు తగిలాయా అన్నాడు. లేదన్నాను. మరి ఎందుకు దిగిందని అడిగితే, దీపం వెలిగిందని చెప్పాను. అప్పటిదాకా ఒడియాలో సాగిన విచారణ ఎగతాళి దగ్గరికి వచ్చేసరికి తెలుగులోకి మారింది.

“అంటే హెలికాప్టరు పడలేదు, మీరు పడ్డారు. మెట్ల మీద జారితే మా ఇంట్లోనూ పడతాం కదా పెద్దాయనా, దానికి కూడా పింఛను అడుగుతామా?”

గదిలో ఉన్నవారంతా నవ్వారు. నా వెనుక వరుసలో భర్త ఫోటో, పింఛను పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఒక వితంతువు మాత్రం నవ్వలేదు. నేను బదులు చెప్పబోతే, కూలిపోయిన నివేదిక తెస్తేనే మాట్లాడమన్నాడు. కూలని హెలికాప్టరుకు కూలిన నివేదిక ఎక్కడి నుంచి తేవాలి? మరొకసారి వెళ్ళినప్పుడు, అది ప్రమాదం కాదని నా చేతనే రాయించుకున్నాడు. తరువాత ఆ కాగితాన్నే ఆధారం చేసుకుని, ప్రమాదం కాదు కనుక పరిశీలించలేమని దరఖాస్తును తిప్పి పంపాడు. మంచుకొండల్లో శత్రువు ఎదుట కూడా అంత చిన్నతనం నాకు కలగలేదు.

ఆ రాత్రి కూర్చుని పూర్తి వివరణ రాశాను. ఎగరడం ఇక సాధ్యం కాక దిగడం వేరు, ఎగరగలిగి ఉండి కూడా ఎగరడం మంచిది కాదని దిగడం వేరు. రెండవదానిలో యంత్రానికి నష్టం జరగకపోవడమే సిబ్బంది పనితనానికి సాక్ష్యమని రాశాను. 1944 ఏప్రిల్‌లో బర్మా అడవుల నుంచి కార్టర్ హార్మన్ అనే అమెరికన్ పైలట్ తన చిన్న సికోర్‌స్కీ హెలికాప్టరులో నలుగురిని ఒక్కొక్కరిగా బయటికి తెచ్చినప్పుడు, ఇంజను వేడెక్కి రాత్రంతా ఆగిపోవలసి వచ్చిందని, మర్నాడు ఆ పని పూర్తి చేశాడని రాశాను. 1980 ఏప్రిల్ 24న ఇరాన్‌లో బందీలను విడిపించడానికి అమెరికా పంపిన ఎనిమిది హెలికాప్టర్లలో ఒకటి, రెక్కలో పగులు ఉండవచ్చన్న హెచ్చరికతో ఎడారిలో దిగిపోయిందనీ, మరో రెండు ఇతర లోపాలతో తప్పుకోగా, కనీసం ఆరు కావలసిన చోట ఐదే మిగలడంతో ఆ ప్రయత్నమే ఆగిపోయిందనీ రాశాను. దీపం వెలిగితే దిగడం నవ్వులాట కాదని ఆ గదిలోనివారికి తెలియాలన్నది నా పట్టుదల. ఆ వివరణను ఆ బల్ల మీద పెట్టకుండా, గాయం నివేదిక నకలుతో కలిపి నేరుగా పై కార్యాలయానికి స్పీడ్ పోస్టులో పంపాను.

వైద్య మండలి ముందుకు రమ్మని పిలుపు వచ్చింది. అక్కడి వైద్యాధికారిణి మోకాలు వంచి, చాచి చూసి, గాయం తగిలినప్పుడు మీరు విధుల్లో ఉన్నారా అని మాత్రం అడిగారు. ఉన్నానన్నాను. ఆ విషయం నివేదికలోనే ఉందని ఆమె చూపించి రాసుకున్నారు. హెలికాప్టరు గురించి మాట కూడా ఎత్తలేదు.

కనుక నా సలహా ఇది. గాయం నివేదికలో ‘విధినిర్వహణలో’ అన్న మాట ఉన్నదో లేదో ముందుగా చూసుకోండి. అసలు పత్రాన్ని ఎవరి చేతికీ ఇవ్వకండి. తీసుకున్నట్టు ముద్ర వేసి ఇవ్వనివారికి నకలు కూడా ఇవ్వకండి. కార్యాలయం బయట చెట్టు కింద కూర్చుని దరఖాస్తులు రాసిపెట్టేవారు లోపలివారి మనుషులేనని నా గట్టి నమ్మకం. ఎవరైనా కాదంటే వాదించే ఓపిక నాకు లేదు. అన్నిటికీ మించి, జరగనిది జరిగిందని గాని, జరిగినది జరగలేదని గాని ఎవరు చెప్పినా రాసి సంతకం పెట్టకండి.

బకాయిల లెక్క ఇంకా తేలవలసి ఉంది. దానికి అడిగిన బ్యాంకు కాగితాలను ఈ ఉదయం పర్లాకిమిడి తపాలా కార్యాలయం నుంచే పంపించి, రసీదు తెచ్చుకున్నాను.