తెలిసింది, తేల్చుకున్నది, ఊహించింది: నా సివిల్స్ ప్రిపరేషన్

సివిల్స్ ప్రిపరేషన్ అనుభవాలు రాస్తున్నానంటే చాలామంది ముందు అడిగేది బుక్‌లిస్టే. ఆ విషయంలో నా దగ్గర కొత్తగా ఏమీ లేదు. అందరం దాదాపు అవే పుస్తకాలు, అవే పేపర్లు చదువుతాం. టైమ్‌టేబుల్ కూడా ఎవరిది వాళ్లకే పనికొస్తుంది. నాకు నిజంగా ఉపయోగపడింది ఒక్క అలవాటు. దాని గురించే రాస్తాను: నాకు తెలిసిందేదో, ఉన్న సమాచారంతో తేల్చుకున్నదేదో, ఉత్త ఊహ ఏదో వేర్వేరుగా పెట్టుకోవడం. ఇది ప్రిలిమ్స్‌కి, అంటే మొదటి దశ పరీక్షకు, మాత్రమే పనికొచ్చే చిట్కా అనుకుని మొదలుపెట్టాను. చివరికి ఇంటర్వ్యూ దాకా వెంట వచ్చింది.

ముందు ప్రిలిమ్స్ లెక్క చూద్దాం. జీఎస్ (జనరల్ స్టడీస్) పేపర్‌లో 100 ప్రశ్నలు, 200 మార్కులు. తప్పు పెడితే ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు కోస్తారు. ఏమీ తెలియకుండా నాలుగు ప్రశ్నలకు గుడ్డిగా పెట్టామనుకోండి. సగటున ఒకటి తగిలి 2 మార్కులు వస్తాయి, మిగతా మూడింటికి కలిపి 2 మార్కులు పోతాయి. చేతికి వచ్చేది సున్నా. ప్రతి ప్రశ్నలో ఒక్క ఆప్షన్‌ను కచ్చితంగా కొట్టేయగలిగితే కొద్దిగా లాభం మొదలవుతుంది. రెండు కొట్టేయగలిగితే సగటున ప్రశ్నకు 0.67 చొప్పున మిగులుతుంది. కాబట్టి రిస్క్ తీసుకోమని ప్రతి కోచింగ్‌లోనూ చెప్తారు. తప్పేమీ కాదు. కానీ ఈ లెక్కంతా ఆ ఆప్షన్‌ను మనం తెలిసి కొట్టేశామా, లేక వినడానికి వింతగా ఉందని కొట్టేశామా అన్నదాని మీదే నిలబడి ఉంటుంది. ఆ సంగతి ఓఎంఆర్ షీటుకు తెలియదు. మనకే తెలియాలి.

అందుకే నేనూ, నాతో కలిసి చదివిన తమ్ముడొకడూ మాక్ టెస్టు రాసేటప్పుడు ప్రతి ప్రశ్న పక్కన పెన్సిల్‌తో ఒక గుర్తు పెట్టేవాళ్లం. తెలిసి పెడితే టిక్, కొన్ని కొట్టేసి తేల్చుకుంటే అడ్డగీత, ఊహకు చుక్క. టెస్టు అయ్యాక పేపర్లు మార్చుకుని, కీ చూడకముందే ఒకరి టిక్కుల మీద ఇంకొకరం ప్రశ్నలు వేసుకునేవాళ్లం. ఒకసారి ఉపరాష్ట్రపతి ఎన్నిక మీద ప్రశ్న వచ్చింది. నామినేటెడ్ సభ్యులకు అందులో ఓటు ఉండదన్న స్టేట్‌మెంట్ సరైనదే అని వాడు టిక్ పెట్టాడు.

"దీనికి టిక్ ఎందుకు పెట్టావురా?"

"రాష్ట్రపతి ఎన్నికలో వాళ్లకు ఓటు లేదు కదన్నా. ఇక్కడా ఉండదు."

"చదివావా?"

"చదవలేదు. అలాగే ఉంటుందిగా!"

అలా ఉండదు. రాజ్యాంగం 54వ అధికరణ ప్రకారం రాష్ట్రపతి ఎన్నికలో ఎన్నికైన సభ్యులకే ఓటు. 66వ అధికరణ ప్రకారం ఉపరాష్ట్రపతిని ఎన్నుకునేది ఉభయ సభల సభ్యులందరూ, నామినేటెడ్ వాళ్లతో సహా. జవాబు తప్పవడం ఇక్కడ పెద్ద విషయం కాదు. ఊహ టిక్ వేషం వేసుకుని కూర్చుంది, అదీ విషయం. ఒకవేళ ఆ ఊహ తగిలి మార్కు వచ్చి ఉంటే వాడు ఆ టాపిక్‌ను మళ్లీ ముట్టుకునేవాడే కాదు. తప్పయిన ప్రశ్నలను అందరూ రివైజ్ చేస్తారు. రైటయిన చుక్కలను ఎవరూ చేయరు, అసలు ప్రమాదం అక్కడే ఉంది. వాటికోసం మేం వేరే నోట్‌బుక్ పెట్టుకున్నాం. మిగతా నోట్సులన్నిటికన్నా అదే ఎక్కువ నలిగింది.

సీశాట్‌కి, అంటే ప్రిలిమ్స్‌లో అర్హత కోసం రాసే ఆప్టిట్యూడ్ పేపర్‌కి, 33 శాతం వస్తే చాలని తేలిగ్గా తీసుకునేవాళ్లకు ఒక్క మాట: అందులో కూడా గుర్తులు పెట్టి చూసుకోండి. అంతకుమించి దాని గురించి చెప్పను.

ఇక గంటల సంగతి. "రోజుకు ఎన్ని గంటలు చదివావు?" అన్న ప్రశ్నకు ఎవరు ఏ అంకె చెప్పినా నేను పెద్దగా పట్టించుకోను. లైబ్రరీలో సీటు మీద బ్యాగు ఉన్న సమయమంతా చదువు కిందే రాసుకునేవాళ్లను చూశాను. హైలైటర్‌తో పేజీ అంతా పసుపు చేసి "అయిపోయింది" అనేవాళ్లనూ చూశాను. చదివిందే మళ్లీ చదివితే అంతా పరిచయంగా కనిపిస్తుంది, దాన్నే వచ్చేసిందనుకుంటాం. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించి చూశారు. ఒక గుంపు పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివింది, ఇంకో గుంపు చదివాక పుస్తకం చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసింది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే బాగా చెప్పారు. వారం తర్వాత అడిగితే తిరగబడింది, రాసినవాళ్లు ముందుకొచ్చారు. అయినా తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమాగా చెప్పింది మళ్లీ మళ్లీ చదివినవాళ్లే. మనకు పరీక్ష ఐదు నిమిషాల తర్వాత ఉండదు కదా.

నేను చేసింది చాలా మామూలు పని. ఒక టాపిక్ చదివాక పుస్తకం మూసి, ఒక తెల్ల కాగితం మీద గుర్తున్నదంతా నల్లసిరాతో రాసేవాణ్ని. రాయలేనిది ఎర్రసిరాతో పుస్తకం చూసి నింపేవాణ్ని. మొదట్లో కాగితం నిండా ఎరుపే. మనసుకు కష్టంగానే ఉంటుంది, అందుకే చాలామంది రెండో వారంలోనే మానేస్తారు. డైరీలో గంటలకు బదులు నలుపులో ఎన్ని కాగితాలు వచ్చాయో రాసుకోండి. ఫోన్ పక్క గదిలో ఉన్న రెండు గంటలకూ, చేతిలో ఉన్న ఆరు గంటలకూ తేడా ఏమిటో ఆ కాగితాలే చెప్తాయి. ఎవరూ లెక్చర్ ఇవ్వనక్కర్లేదు.

రెండో దశ అయిన మెయిన్స్‌లో ఒక్కో జీఎస్ పేపర్‌కు 250 మార్కులు, మూడు గంటలు. మొదటి మూడు పేపర్లలో ఒక్కోదానికి 20 ప్రశ్నలు, అంటే ప్రశ్నకు తొమ్మిది నిమిషాలు. ఆ వేగంలో కొత్తగా ఆలోచించే తీరిక ఉండదు, ముందే ఆలోచించి ఉండాలి. ఇది నాలుగో పేపర్‌లో, అంటే 2013 నుంచి వచ్చిన ఎథిక్స్‌లో, మరీ స్పష్టంగా బయటపడుతుంది. సగం దాకా మార్కులు కేస్ స్టడీలవే. "మీరైతే ఏం చేస్తారు?" అని సూటిగా అడుగుతారు. మన వాళ్ల జవాబుల్లో అందరూ వీరులే. నాసిరకం పని బిల్లు మీద సంతకం పెట్టమని పై అధికారి నోటిమాటగా చెప్పాడనుకోండి, మొదటి వాక్యంలోనే కాంట్రాక్టర్ బ్లాక్‌లిస్టు, రెండో వాక్యంలో పై అధికారి మీద విజిలెన్స్‌కు ఫిర్యాదు, మూడో వాక్యంలో గాంధీ.

అలాంటి కేసు ఒకటి మేమిద్దరం ఒక సాయంత్రమంతా చర్చించాం. "నిజంగా నువ్వే ఆ కుర్చీలో ఉంటే?" అని పదేపదే అడిగితే తమ్ముడి జవాబు మారుతూ వచ్చింది. ముందు సైట్‌కి వెళ్లి కొలతలు, శాంపిళ్లు తీయిస్తాను. ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా బిల్లు ఆపుతున్నానని కారణంతో సహా ఫైల్‌లో నోట్ రాస్తాను. నోటిమాటగా వచ్చిన ఆదేశాన్ని రాతపూర్వకంగా ఇవ్వమని మర్యాదగానే అడుగుతాను. ట్రాన్స్‌ఫర్ రావచ్చు, ఇంట్లో పిల్లల చదువు మధ్యలో ఉంది, ఆ భయం నాకు ఉంటుంది, అయినా సంతకం పెట్టను. భయం ఉంటుందని రాసిన ఆ చివరి ముక్క తీసేద్దామా అన్నాడు. ఉంచమన్నాను. వీరుడి జవాబుల గుట్టలో భయాన్ని లెక్కలోకి తీసుకుని కూడా నిలబడ్డ మనిషి జవాబు వేరుగా కనిపిస్తుందని నా నమ్మకం.

ఉదాహరణల విషయంలోనూ ఇంతే. ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ గారి పేరు తెలుగు విద్యార్థులు ప్రతి ఎథిక్స్ జవాబులోనూ రాస్తారు. మంచిదే. కానీ పేరు రాసి "వంటి నిజాయతీపరులు" అని వదిలేస్తే అది అరువు తెచ్చుకున్న గౌరవం. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. చట్టం కాగితం మీద ఉండగా వెట్టి కూలీలను గుర్తించి విడిపించే పనిని ఆయన ప్రభుత్వ యంత్రాంగంతో ఎలా చేయించారో, దళితులకు, ఆదివాసీలకు బడ్జెట్‌లో విడిగా నిధులు ఉండాలని ఎందుకు పట్టుబట్టారో తెలుసుకుని రాస్తే రెండు వాక్యాలు చాలు. ఆయన పద్మభూషణ్‌ను వద్దన్న సంగతి ఒక్కటే గుర్తుంచుకుంటాం, అంతకుముందు చేసిన పని వదిలేస్తాం.

ఇంటర్వ్యూకి 275 మార్కులు, మెయిన్స్ 1750తో కలిపి మొత్తం 2025 మార్కులు. యూపీఎస్సీ నోటిఫికేషన్‌లో ఇంటర్వ్యూ గురించిన పేరాలను దయచేసి ఒకసారి ఓపిగ్గా చదవండి. రాతపరీక్షలో చూసేసిన పరిజ్ఞానాన్ని మళ్లీ పరీక్షించడం దాని ఉద్దేశం కాదని అందులోనే ఉంది. చూసే గుణాల జాబితాలో బౌద్ధిక, నైతిక నిజాయతీ కూడా ఉంది. ఇంత స్పష్టంగా రాసిపెట్టినా మనం చేసేది దానికి తలకిందులు. దరఖాస్తులో హాబీల గడి రాగానే లేనివన్నీ పుట్టుకొస్తాయి.

నేను రాసింది క్రికెట్ మ్యాచ్‌లకు స్కోరు రాయడం. చిన్నప్పటి నుంచీ చేస్తున్న పని అదే. ఒక మాక్ బోర్డులో, అంటే నమూనా ఇంటర్వ్యూలో, ఒకాయన "ఇది చాలా చిన్నగా ఉంది, స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ అని చెప్పు, వినడానికి బాగుంటుంది" అన్నారు. అక్కడే ఇంకొకరు, జవాబు తెలియనప్పుడు ఎంత చిరునవ్వుతో "సారీ సార్" అనాలో అభినయించి చూపించారు. తెలియదని చెప్పడానికి కూడా రిహార్సల్! రెండూ విని వచ్చేశాను.

అసలు ఇంటర్వ్యూ జరిగే యూపీఎస్సీ కార్యాలయం ధోల్‌పూర్ హౌస్‌లో ఒక మేడమ్ సరిగ్గా ఆ హాబీ దగ్గరే ఆగారు. లెగ్‌బైలు బౌలర్ ఖాతాలో పడతాయా అని అడిగారు. పడవు, వైడ్లు, నోబాల్స్ పడతాయి అన్నాను. స్కోరర్లు ఇద్దరెందుకు అన్నారు. ఇద్దరి పుస్తకాలూ సరిపోతున్నాయో లేదో తరచూ చూసుకోవాలని క్రికెట్ చట్టాల్లోనే ఉంది మేడమ్, అన్నాను. "సరిపోకపోతే?" "ఆ ఓవర్ చివర్లోనే తేల్చుకుంటాం. మ్యాచ్ అయ్యాక అయితే ఎవరి జ్ఞాపకం వాళ్లదే." ఆవిడ అక్కడి నుంచి ఎన్నికల లెక్కింపులోకి, ఓటు ఎవరికి పడిందో చూపే వీవీప్యాట్ స్లిప్పులను ఓటింగ్ యంత్రం కంట్రోల్ యూనిట్ అంకెతో సరిపోల్చడంలోకి వెళ్లారు. నాకు తెలిసినంత చెప్పి, తర్వాతి ప్రశ్నకు "ఇది నేను చదవలేదు మేడమ్, మీరు అనుమతిస్తే ఊహించి చెప్తాను" అన్నాను. చెప్పమన్నారు. ఊహ తప్పయింది, ఆవిడే సరిదిద్దారు, సంభాషణ ముందుకు సాగింది. నేను స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ అని ఉంటే ఆ పదిహేను నిమిషాలు ఎలా గడిచేవో ఊహించడం కష్టమేమీ కాదు.

ఒక్క మాట మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాలి. హాబీ కల్పించి, జవాబులు బట్టీపట్టి సెలక్ట్ అయినవాళ్లు ఉన్నారు. నాకు బాగా తెలిసినవాళ్లే. ఏ కల్పనా లేకుండా కష్టపడి ఫైనల్ లిస్టు అంచున ఆగిపోయినవాళ్లూ ఉన్నారు. మా తమ్ముడు వాళ్లలో ఒకడు. కాబట్టి నిజాయతీగా ఉంటే ర్యాంకు గ్యారంటీ అని నేను అనను. అది వాడి ముందు నిలబడి అనలేని మాట. కానీ జనరల్ కేటగిరీకి ఆరు అటెంప్ట్‌లే, 32 ఏళ్ల వయసు గడువు. ఇంకోసారి రాయాలా, ఆపాలా అన్న నిర్ణయం ఎప్పుడో ఒకప్పుడు తీసుకోక తప్పదు. తన టిక్కులు ఎన్నో, చుక్కలు ఎన్నో తెలిసినవాడు ఆ నిర్ణయం కాస్త తెలివిడితో తీసుకోగలడు. వాడు తీసుకున్నాడు కూడా, ఈసారి ఆప్షనల్ సబ్జెక్టు మార్చి రాస్తున్నాడు.

ఈ ఏడాది మెయిన్స్ రాసేవాళ్లు ఇంకో పని చేయండి. ప్రతి పేపర్ రాసిన సాయంత్రమే ఎన్ని మార్కులు వస్తాయనుకుంటున్నారో రాసి దాచుకోండి. ఫలితాలయ్యాక కమిషన్ మార్కుల షీట్లు పెడుతుంది, ఎంపిక కానివాళ్లవి కూడా. అప్పుడు అన్నిటికన్నా తక్కువ వచ్చిన పేపర్ కన్నా ముందు, మీ అంచనాకూ వచ్చిన మార్కుకూ తేడా ఎక్కువున్న పేపర్ బయటికి తీయండి. తర్వాతి ప్రిపరేషన్ ఆ పేపర్‌తోనే మొదలుపెట్టండి.