చంపకమాలలో ఇరవై అంకెలు

చదరంగపు బల్లపై మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు చొప్పున అరవై నాలుగు గడుల దాకా రెట్టిస్తూ పోతే మొత్తం 18446744073709551615 గింజలు అవుతాయి. ఈ కూడికను స్ప్రెడ్‌షీట్‌లో వేసి చూస్తే 18446744073709600000 అని వచ్చింది. పదిహేను అంకెలు దాటగానే అది సున్నాలతో సరిపెట్టింది. తెలుగులో గణిత గ్రంథం రాసిన ప్రాచీన కవి పావులూరి మల్లన పేరున ప్రచారంలో ఉన్న చంపకమాల ఒకటి మాత్రం ఇరవై అంకెలనూ పొల్లు పోకుండా చెబుతుంది.

ఇందులో ప్రతి అంకెకూ బదులుగా, లోకంలో అన్నే ఉన్నాయని చెప్పుకొనే వస్తువు పేరు వస్తుంది. అంకెలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయన్నది పాత నియమం గనుక పద్యం ఒకట్ల స్థానంతో మొదలవుతుంది. ‘శర’ అంటే మన్మథుని బాణాలు ఐదు, ‘శశి’ ఒకటి, ‘షట్క’ ఆరు. అంటే సంఖ్య చివర 615. ఏడు వచ్చిన మూడు చోట్లా కవి కొండనే పిలిచాడు, కాకపోతే నగమని ఒకసారి, భూధరమని ఒకసారి, గిరి అని ఒకసారి. నాలుగుకు సముద్రం రెండు పేర్లతో వచ్చింది, వేదాలూ బ్రహ్మ ముఖాలూ తోడయ్యాయి. చివరన దిగ్గజాలు ఎనిమిది, చంద్రుడు ఒకటి.

ఇన్ని చేతులు మారిన పద్యంలో ఒక అంకె తప్పు పడలేదని ఎలా తెలుసుకోవాలి? మొత్తానికి ఒకటి కలిపితే సరిగ్గా 2⁶⁴ అవుతుంది కాబట్టి మన సంఖ్య 2⁶⁴ − 1. వర్గాల భేదంగా దీనిని పదే పదే విడగొడితే 3 × 5 × 17 × 257 × 65537 × 4294967297 అని తేలుతుంది. అంకెల మొత్తం 87, కనుక మూడుతో భాగింపబడుతుంది. అయితే ఒకటి ఉన్న చోట నాలుగు పడినా మూడు ఆ తప్పును పట్టుకోలేదు. అంతకంటె గట్టి భాజకం కావాలి.

పై ఆరింటిలో చివరిదైన 2³² + 1 ప్రధాన సంఖ్యేనని గణితవేత్త ఫెర్మా నమ్మాడు. అది 641 × 6700417 అని 1732లో మరో గణితవేత్త ఆయిలర్ చూపాడు. 641 సంగతి కాగితం మీద నాలుగు వరుసల్లో తేలిపోతుంది, అది నాకు మహా ఇష్టమైన లెక్క. 641 అంటే 5 × 2⁷ + 1, అదే 5⁴ + 2⁴ కూడా. 5 × 2⁷ను 641తో భాగిస్తే శేషాన్ని −1 అనుకోవచ్చు, కాబట్టి దాని నాలుగవ ఘాతమైన 5⁴ × 2²⁸కు శేషం 1. అందులో 5⁴కు బదులు −2⁴ను పెడితే −2³²కు శేషం 1 అవుతుంది, అంటే 2³² + 1కి శేషం మిగలదు.

ఏ ఒక్క అంకె మారినా వచ్చే తేడా ఒకటి నుంచి తొమ్మిది లోపు అంకెను పది ఘాతంతో గుణించినంతే. ప్రధాన సంఖ్య అయిన 641 దానిని నిశ్శేషంగా భాగించలేదు. అందుకని పద్యంలోని ఇరవై అంకెలనూ వరుసగా రాసుకొని, 641తో చేత్తోనే భాగించుకుంటూ వచ్చాను. చివరి ‘శర’ దించేసరికి శేషం సున్నా.