ఏది ముందు లేస్తుంది?

రెండో శనివారం, తిరుపతి.

కాలేజీకి సెలవు కావడంతో ల్యాబ్ మొత్తం నాకే దొరికింది. వచ్చే సెమిస్టర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ ప్రాక్టికల్‌కు పిల్లలకు ఏ వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల ప్రోగ్రాముగా నడిచే మరో కంప్యూటర్) ఇవ్వాలో తేల్చుకోవడానికి ఉదయమే వెళ్లి కూర్చున్నాను. పీరియడ్ 50 నిమిషాలే. హాజరు వేయడం, పాస్‌వర్డ్ మరచిపోయినవాళ్లకు కొత్తది పెట్టివ్వడం పోగా నిజమైన పనికి మిగిలేది అందులో సగం. కాబట్టి సిస్టమ్ ఎంతసేపటికి బూట్ అయి లేస్తుందన్నది మా దగ్గర చిన్న విషయం కాదు. డెబియన్, ఉబుంటు సర్వర్, ఫ్రీబీఎస్‌డీ, ఓపెన్‌బీఎస్‌డీ, విండోస్ 11, ఈ ఐదు ఆపరేటింగ్ సిస్టమ్‌లనూ ఒకే కంప్యూటర్‌లో, వర్చువల్ మెషీన్లు నడిపే కేవీఎం మీద పెట్టి, అన్నింటికీ రెండు కోర్లు, 4 జీబీ ర్యామ్ కేటాయించాను. విండోస్ 11 అంతకన్నా తక్కువ ర్యామ్‌కు ఒప్పుకోదు గనుక మిగతావాటికీ అంతే ఇవ్వడం న్యాయం అనిపించింది.

సాయానికి వచ్చిన సెకండియర్ కుర్రవాడు ఫోన్‌లో స్టాప్‌వాచ్ తెరిచి, "స్టార్ట్ కొట్టేదా సార్?" అన్నాడు. ఎక్కడ ఆపాలో తేలకుండా మొదలుపెట్టి ఏం లాభం అని వాణ్ణి ఆగమన్నాను. లినక్స్ రకాలైన డెబియన్, ఉబుంటులలో సిస్టమ్‌డీ-అనలైజ్ అనే కమాండ్ ఇస్తే సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్‌కు ఇంత, దాని మీద నడిచే ప్రోగ్రాములకు, అంటే యూజర్‌స్పేస్‌కు ఇంత అని ముచ్చటగా లెక్క చెబుతుంది. కానీ మా మెషీన్‌లో ఆ లెక్క కెర్నెల్ నుంచే మొదలవుతుంది. అంతకు ముందు, దేన్ని లేపాలో అడిగే గ్రబ్ మెనూ తెర మీద నిలబడిన 5 సెకన్లు అందులోకి రావు. చివరి వైపు కూడా అంతే. సర్వీసులన్నీ మొదలుపెట్టబడ్డాయా అన్నదే అది చూస్తుంది తప్ప, అవి పూర్తిగా సిద్ధమయ్యాయా, డిస్క్ పని ముగిసిందా అన్నది చూడదు. దాని మాన్యువల్ పేజీలోనే ఈ మాట రాసి ఉంది. డ్రైవర్ ఎక్కి ఇంజన్ ఆన్ చేయగానే మదనపల్లె బస్సు బయలుదేరిపోయిందని చెప్పడం లాంటిదిది. విండోస్ ఇందుకు పూర్తిగా విరుద్ధం. దాని చిట్టా చూపే ఈవెంట్ వ్యూయర్‌లో 100 నంబరుతో నమోదయ్యే బూట్ వివరంలో, డెస్క్‌టాప్ కనబడేదాకా పట్టిన సమయం ఒకటి, ఆ తరువాత వెనుక పనులు సద్దుమణగడానికి పట్టిన సమయం మరొకటి విడివిడిగా ఉంటాయి. ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి "లినక్స్ ఇన్ని రెట్లు వేగం" అని తీర్మానించేవాళ్లను చూస్తే నాకు చిరాకు. అందుకే నేను రెండింటినీ పక్కన పెట్టి, హోస్ట్‌లో, అంటే వీటన్నింటినీ నడిపే అసలు కంప్యూటర్‌లో స్టార్ట్ నొక్కినప్పటి నుంచి, లాగిన్ అయి ఒక కమాండ్ కొడితే జవాబు వచ్చేదాకా అని హద్దు గీశాను. పిల్లవాడు కుర్చీలో కూర్చుని ఎదురుచూసేది అంతసేపే కదా.

మరో చిక్కు హోస్ట్ మెమరీతో వచ్చింది. ఒకసారి లేచిన మెషీన్‌ను ఆపి మళ్లీ పెడితే అది ఆశ్చర్యపడేంత త్వరగా లేస్తుంది. ఎందుకంటే దాని డిస్క్ ఫైలులో చదివిన భాగమంతా హోస్ట్ లినక్స్ తన ర్యామ్‌లోని పేజ్ క్యాష్‌లో దాచుకుని ఉంటుంది, పాత హార్డ్ డిస్క్ తిరగవలసిన అవసరమే ఉండదు. క్లాసులో మొదటి పీరియడ్‌కు వచ్చే పిల్లలకు ఆ భాగ్యం ఉండదు గనుక, ప్రతి కొలతకు ముందు హోస్ట్‌లోని సెట్టింగు ఫైలు డ్రాప్‌_క్యాషెస్‌లో 3 రాసి క్యాష్ ఖాళీ చేశాను. అలా చేస్తే విండోస్ 11 మీద పడే దెబ్బ అన్నింటికన్నా ఎక్కువ, డిస్క్ నుంచి అది చదవవలసినదే అంత ఉంటుంది మరి. డెస్క్‌టాప్ కనబడిన తరువాత కూడా డిస్క్ దీపం ఆరకుండా చాలాసేపు వెలుగుతూనే ఉంది. ఆ డిస్కులు మార్చమని ఎన్ని అర్జీలు పెట్టినా ఫలితం లేదన్నది వేరే కథ.

మధ్యాహ్నం ఫ్రీబీఎస్‌డీ వంతు వచ్చింది. తెర మీద మెనూ వచ్చి కదలకుండా నిలబడింది. "సార్, ఇది గమ్మున ఉండాది. ఎంటర్ కొట్టేదా?" అని కుర్రవాడు వేలు మీట మీద పెట్టాడు. వద్దన్నాను. కెర్నెల్‌ను లేపే దాని లోడర్, మనం ఏమీ మార్చకపోతే, 10 సెకన్లు ఆగుతుంది. ఆ తరువాత కెర్నెల్ లేవడానికి పట్టినది దీనితో పోలిస్తే లెక్కలోకి రాదు. ఇక్కడే నాకు కోలిన్ పెర్సివల్ అనే డెవలపర్ చేసిన పని గుర్తొచ్చి కుర్రవాడికి చెప్పాను. అమెజాన్ వారి ఫైర్‌క్రాకర్ అనే చిన్న వర్చువల్ మెషీన్‌లో ఫ్రీబీఎస్‌డీ కెర్నెల్ బూట్ సమయాన్ని మిల్లీసెకన్ల లెక్కన తరుగుతూ వచ్చిన ఆయన, 2023లో చూస్తే బూట్ సమయంలో 7 శాతం ఒక బబుల్ సార్ట్‌కే పోతోంది. కెర్నెల్ మొదలుపెట్టవలసిన పనులు వెయ్యికి పైగా ఉంటే, వాటిని వరుసలో పెట్టడానికి వాడుతున్నది మా మొదటి సంవత్సరం పిల్లలు నేర్చుకునే పద్ధతి! దాన్ని తీసి అంతకన్నా వేగమైన మెర్జ్ సార్ట్ పెట్టారు. కుర్రవాడి కళ్లు మెరిశాయి. డేటా స్ట్రక్చర్స్ పేపరు పరీక్షకు తప్ప దేనికీ పనికిరాదని వాడు అంతవరకూ అనుకుంటున్నాడట.

ఉబుంటు సర్వర్ దగ్గర ఎర్రటి నక్షత్రాల గుర్తులు ఎడమకూ కుడికీ ఊగుతూ, నెట్‌వర్క్ కోసం ఆగుతున్నానని, గడువు రెండు నిమిషాలని చూపించాయి. నెట్‌వర్కింగ్ ప్రాక్టికల్ కోసం ఆ మెషీన్‌కు రెండో కార్డు పెట్టి దేనికీ కలపకుండా వదిలేశాను. నెట్‌వర్క్‌డీ వెయిట్-ఆన్‌లైన్ అనే సర్వీసు ఆ కార్డుకూ చిరునామా వస్తుందేమోనని కాచుకుని కూర్చుంటుంది. నెట్‌వర్క్ సెట్టింగులుండే నెట్‌ప్లాన్ ఫైలులో ఆ కార్డు కింద ఆప్షనల్ ట్రూ అని ఒక్క వరుస చేర్చగానే ఆ రెండు నిమిషాలూ మాయమయ్యాయి. ఇందులో ఉబుంటు వేగానికీ నెమ్మదికీ సంబంధమేముంది? డెబియన్ 10వ వెర్షన్ వాడిన రోజుల్లో ఇంకా విచిత్రం చూశాం. వర్చువల్ మెషీన్‌లో యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించడానికి కావలసిన అలజడి (మీట నొక్కడం లాంటి, ముందుగా ఊహించలేని కదలికలు) దొరకక, దూరం నుంచి లాగిన్ కానిచ్చే ఎస్‌ఎస్‌హెచ్ సర్వీసు ఆగిపోయేది. కీబోర్డు మీద నాలుగు మీటలు కొడితే లేచేది. 2019లో వచ్చిన లినక్స్ 5.4తో కెర్నెలే ఆ అలజడిని తానుగా పుట్టించుకోవడం మొదలుపెట్టాక ఆ బాధ తప్పింది.

ఓపెన్‌బీఎస్‌డీ మాత్రం ఊరికే ఎదురుచూస్తూ ఆగదు, పని చేస్తూ ఆగుతుంది. లేచిన ప్రతిసారీ ప్రోగ్రాములు పంచుకునే లైబ్రరీలను కొత్త వరుసలో కూర్చుకుంటుంది, తెర మీద ఆ మాట చెబుతుంది కూడా. 2017లో వచ్చిన 6.2 వెర్షన్ నుంచి వచ్చేసారి వాడబోయే కెర్నెల్‌ను సైతం వెనుక భాగాల వరుస మార్చి మళ్లీ లింక్ చేసి పెట్టుకుంటుంది. దాడి చేసేవాడికి ఏ ఫంక్షన్ ఎక్కడుందో ముందుగా తెలియకూడదన్నది ఉద్దేశం. ఆ కొన్ని సెకన్లు నాకు దండగ అనిపించలేదు. ఈ రోజు చూసిన ఆలస్యాలన్నింటిలో ఎవరో ఆలోచించి పెట్టిన ఖర్చు ఇదొక్కటే.

"అసలు బూట్ చేసేదెందుకు సార్, సేవ్ చేసి పెట్టేస్తే పోలా?" అని కుర్రవాడు అడిగిన ప్రశ్న మంచిదే. సేవ్ చేసిన మెషీన్‌ను తెరిస్తే బూట్ అనేదే ఉండదు. కానీ దాని ర్యామ్‌లో ఉన్నదంతా డిస్క్ నుంచి చదవాలి. సెకనుకు 100 ఎంబీ ఇచ్చే మా హార్డ్ డిస్క్ మీద 2 జీబీ చదవడానికే 20 సెకన్లు పడుతుంది, ఈలోగా తేలికపాటి డెబియన్ లేచి లాగిన్ అడుగుతుంది. పైగా బూట్ సందేశాలు చదవడం మా సిలబస్‌లో మొదటి ప్రయోగం.

చివరకు గ్రాఫిక్స్ లేని డెబియన్‌నే ఖాయం చేశాను. గ్రబ్ ఆగే సమయాన్ని ఒక సెకనుకు తగ్గించి, రెండో నెట్‌వర్క్ కార్డు పెట్టకుండా, ర్యామ్‌ను ఒక జీబీకి కుదించాను. ఫ్రీబీఎస్‌డీని చివరి బెంచీలో ఉన్న ఒక కంప్యూటర్‌లో ఉంచాను, కావాలన్నవాళ్లు వాడుకోవచ్చు. ఆ 10 సెకన్లను అలాగే వదిలేశాను. సోమవారం ఉదయం క్లాసు మొదలయ్యేలోపు మిగతా కంప్యూటర్లన్నింటికీ డెబియన్ ఇమేజ్ కాపీ చేయాలి, కుర్రవాణ్ణి ఎనిమిదింటికే రమ్మన్నాను.